ఇంట్లో ఎవరూ లేరా?

కరెంటు బిల్లు మనిషి తలుపు తడతాడు. మీరే వెళ్ళి తీస్తారు. చేతికి శనగపిండి, నుదుట చెమట, నడుముకు దోపిన కొంగు. మీరు గుమ్మం నిండా నిలబడి ఉంటే ఆ మహానుభావుడు మీ భుజం మీదుగా లోపలికి తొంగిచూసి, "ఇంట్లో ఎవరూ లేరామ్మా?" అంటాడు. ఇందులో అతని తప్పేమీ లేదు, అలవాటు. వింతేమిటంటే, "లేరండీ, సాయంత్రం రండి" అని మనమే జవాబు చెప్పి తలుపు వేసుకుంటాం. ఎదుటివాడికి మనం కనబడకపోవడం ఒక ఎత్తయితే, మన కళ్ళకే మనం కనబడకపోవడం ఇంకొక ఎత్తు.

"లేదు" అనే మాటను మనం ఎంత చవగ్గా వాడేస్తాం! డబ్బాలో చక్కెర లేదు, పిల్లవాడికి బుద్ధి లేదు, పక్కింటావిడకు పనీపాటా లేదు. చక్కెర సంగతి సరే, మూత తీసి చూశాం. మిగతా రెండూ చూసి చెప్పినవేనా? ఒకటి లేదు అని చెప్పడానికి మనకు హక్కు ఎప్పుడు వస్తుంది? కనబడలేదు అంటే చాలునా?

ఈ ప్రశ్న నాకు వంటింట్లో పుట్టిందనుకునేరు. ధర్మపురిలో, గోదావరి మెట్లమీద కూర్చుని ఆకాశం చూస్తుంటే పుట్టింది.

ధర్మపురి తెలియనివాళ్ళకు ఒక మాట. ఇదివరకు కరీంనగర్ జిల్లా, ఇప్పుడు జగిత్యాల జిల్లా. నరసింహస్వామి క్షేత్రం. అదే గుళ్ళో యమధర్మరాజుకూ చోటుంది. అందుకే ధర్మపురి వచ్చినవాళ్ళకు యమపురి లేదని మా వైపు సామెత. మా అత్తగారి సాంవత్సరికానికి మేము వెళ్ళింది ఫాల్గుణంలో. జాతర సందడి ఇంకా పూర్తిగా సద్దుమణగలేదు. పున్నమి వెళ్ళి నాలుగైదు రోజులయింది కాబట్టి రాత్రి తొమ్మిదిన్నర దాటినా చంద్రుడు పొడవలేదు. మా అక్క కొడుకు మా వెంట వచ్చాడు. కాలేజీలో ఫిజిక్సు చెబుతాడు. అలాంటివాణ్ణి నది ఒడ్డుకు తీసుకువెళితే ఏమవుతుంది? పాఠం అవుతుంది.

"చిన్నమ్మా, నెత్తిమీద సూడు. ఆ తెల్లటి చుక్క మఖ" అన్నాడు.

మఖ అనగానే మా చిన్నత్తగారు అందుకున్నారు. ఇరవైయేడు నక్షత్రాల్లో మఖకు అధిదేవతలు పితృదేవతలు. మఖతోనే సింహరాశి మొదలు. బృహస్పతి సింహరాశిలోకి వచ్చిన ఏడాదే గోదావరికి పుష్కరాలు: 2003లో వచ్చాయి, 2015లో వచ్చాయి, మళ్ళీ 2027లో రావాలి. కింద నరసింహుడు, పైన సింహరాశి, వచ్చిన పని పితృకార్యం. ఆవిడ రెండు చేతులూ జోడించారు.

మావాడు నవ్వలేదు, మంచివాడు. "ఆ మఖకు ఉత్తరాన, సింహం మెడకాడ ఇంకో చుక్క ఉన్నది గదా. దాని పక్కన ఏమున్నదో చెప్పు" అన్నాడు నాతో.

చూశాను. "ఏమీ లేదురా."

"అక్కడ ఒక గెలాక్సీ ఉన్నది" అన్నాడు.

దాని పేరు సెగ్వే-1. ధర్మపురి ఉన్న అక్షాంశానికి అది దాదాపు నడినెత్తిమీదుగా పోతుంది. కాంతి అక్కడినుంచి ఇక్కడికి రావడానికి సుమారు 75 వేల సంవత్సరాలు పడుతుంది. ఆకాశం లెక్కల్లో ఇది పక్కవీధి. మన సూర్యుడూ మనమూ ఉన్న పాలపుంత పదివేల కోట్లకు మించిన నక్షత్రాల మహాసంసారం. దాని చుట్టూ చిన్న చిన్న గెలాక్సీలు ఉపగ్రహాల్లాగా తిరుగుతున్నాయి. వీటిని మరుగుజ్జు గెలాక్సీలంటారు. అన్నిటిలోకి పెద్దవి రెండు, మెజిలాన్ మేఘాలు. దక్షిణ దేశాలవాళ్ళకు మామూలు కళ్ళకే కనబడతాయి. మనకు ఆ భాగ్యం లేదు. ఒకటి దిగంతం దాటి పైకే రాదు, రెండోది అంచున తొంగిచూసి పోతుంది. తక్కినవన్నీ మసకవే. 1938లో హార్లో షేప్లీ అనే ఆయన దక్షిణాకాశపు ఫోటో పలకల మీద మరకల్లాంటివి రెండు చూసి, ఇవి గెలాక్సీలేనన్నాడు. ఆ తరువాత ఒక్కటొక్కటే కలుస్తూ వచ్చి 2004 నాటికి మొత్తం పదకొండు తేలాయి. ఈలోగా 1999లో కంప్యూటర్లతో లెక్కలు కట్టినవాళ్ళు వందల కొద్దీ ఉండాలే అన్నారు. పెళ్ళికి ఐదువందల విస్తళ్ళు వేయించి పదకొండుమంది కూర్చున్నట్లుంది వ్యవహారం. తక్కినవాళ్ళు రాలేదా, వచ్చినా మనకు కనబడలేదా?

చాలామంది వచ్చే ఉన్నారు. చూసే కన్నే చాలలేదు. 2005 నుంచి అమెరికాలోని స్లోన్ సర్వే ఆకాశాన్ని చేటలో బియ్యం ఏరినట్లు ఏరడం మొదలుపెట్టాక ఒకదాని వెంట ఒకటి బయటపడ్డాయి. ఇప్పుడు లెక్క అరవై దాటింది. 2006లో దొరికిన మన సెగ్వే-1 వాటిలో ఒకటి. ఇది ఎంత పేద గెలాక్సీ అంటే, నక్షత్రాలన్నిటినీ కలిపి వెలిగించినా సుమారు మూడువందల సూర్యుల వెలుగుకు మించదు. ఆకాశంలో అంతకంటే ఎక్కువ వెలిగే ఒంటరి నక్షత్రాలు బోలెడున్నాయి. గెలాక్సీ అని పిలవడానికే మొహమాటపడాలి.

మరెందుకు పిలిచారు? అసలు కథ ఇక్కడుంది.

జాతరలో రంగులరాట్నం చూశారు కదా. అమావాస్య రాత్రి దూరంనుంచి చూడండి. మధ్యనున్న గుంజ కనబడదు. కుర్చీలకు కట్టిన దీపాలు మాత్రం గుండ్రంగా తిరుగుతుంటాయి. గుంజ కనబడడం లేదు కాబట్టి గుంజ లేదు అంటామా? గుంజే లేకపోతే ఆ కుర్చీలు ఏనాడో మిఠాయి దుకాణం మీద పడి ఉండేవి. తిరిగేదాన్ని చూసి పట్టుకున్నదాన్ని తెలుసుకోవచ్చు. ఎంత వేగంగా తిరుగుతోందో చూసి, పట్టు ఎంత గట్టిదో కూడా చెప్పవచ్చు.

సెగ్వే-1లో నక్షత్రాలు రాట్నంలాగా వరుసగా తిరగవు, తేనెతుట్టె చుట్టూ ఈగల్లాగా తలా ఒక దిక్కు పోతుంటాయి. అయినా సూత్రం అదే. మార్లా గేహా అనే శాస్త్రజ్ఞురాలూ, జాషువా సైమన్ అనే ఆయనా హవాయి కొండమీది కెక్ టెలిస్కోపుతో ఆ నక్షత్రాల వేగాలు కొలిచారు. 2011లో అచ్చయిన లెక్కకు డెబ్బయ్యొక్క నక్షత్రాలు ఆధారం. కనబడే నక్షత్రాల బరువే ఆ గెలాక్సీ బరువయితే వాటి వేగాల తేడా సెకనుకు అర కిలోమీటరు కూడా ఉండకూడదు. ఉన్నది సుమారు నాలుగు కిలోమీటర్లు. ఆ పరుగుకు అవి ఎప్పుడో తలా ఒక దిక్కు చెదిరిపోయి ఉండాలి. చెదరలేదు. ఏదో పట్టుకుని ఉంది. ఎంత పట్టు? వెలుగునుబట్టి ఒక సూర్యుడనుకున్నచోట 3,400 సూర్యుల బరువుంటే తప్ప కుదరనంత. ఆ కనబడని బరువుకే కృష్ణపదార్థమని, డార్క్ మాటర్ అని పేరు. విశ్వంలోని పదార్థంలో ఆరింట అయిదు వంతులు ఇదేనంటారు. ఇది వెలుగునివ్వదు, వెలుగును అడ్డుకోదు. బరువొక్కటే దాని ఆనవాలు.

ఈ సంగతిని లోకం ఒప్పుకునేలా చేసిన వాళ్ళలో వెరా రూబిన్‌ను మీకు పరిచయం చేయకుండా ముందుకు పోలేను. 1928లో పుట్టింది. నలుగురు పిల్లల తల్లి. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం ఖగోళశాస్త్రంలో పై చదువులకు ఆడపిల్లల్ని చేర్చుకోదు కాబట్టి, వివరాల పుస్తకం అడిగితే పంపనే లేదు. ఆ నియమం 1975 దాకా అలాగే ఉంది. ఆమె జార్జిటౌన్‌లో రాత్రి తరగతులకు వెళ్ళి డాక్టరేటు చేసింది. కారు నడపడం రాదు. భర్త దింపి, తరగతి అయ్యేదాకా కారులోనే రాత్రి భోజనం కానిచ్చేవాడు. ఇంట్లో పిల్లల్ని ఆమె తల్లి చూసేది. పాలోమార్ కొండమీది వేధశాలలో ఆడవాళ్ళకు మరుగుదొడ్డి లేదు. ఆమె కాగితంతో చిన్న పావడా కత్తిరించి, తలుపు మీది మగబొమ్మకు అంటించిందట. "ఇదిగో, ఇప్పుడుంది" అన్నమాట! 1970లో ఆమె, కెంట్ ఫోర్డ్ కలిసి ఆండ్రోమెడా గెలాక్సీలో అంచున ఉన్నవి కూడా నడుమనున్న వాటంత వేగంగా తిరుగుతున్నాయని కొలిచి చూపారు. అంతకుముందు 1933లోనే జ్వికీ అనే ఆయన గెలాక్సీల గుంపును చూసి కనబడని బరువు మాట ఎత్తాడు గాని ఎవరూ పెద్దగా చెవిన పెట్టలేదు. వెరా రూబిన్ 2016లో పోయింది. నోబెల్ బహుమతి ఇవ్వలేదు. చిలీ దేశంలో కొండమీద కట్టిన కొత్త వేధశాలకు ఆమె పేరు పెట్టారు. 2025 జూన్‌లో దాని తొలి చిత్రాలు వచ్చాయి. ఇంకా మసక గెలాక్సీలు ఎన్నో అందులో దొరుకుతాయని ఆశ.

ఇక్కడికి వచ్చేసరికి, "చూశావా! కనబడనిది ఉందని సైన్సు కూడా ఒప్పేసుకుంది" అని మా ఇంటిపక్క రిటైర్డు తహశీల్దారు గారు సంబరపడ్డారు. ఆ వరుసలోనే దయ్యాలు, దిష్టి, చేతబడి అన్నీ ఒకే తలుపులోంచి లోపలికి తోసుకొచ్చాయి. ఇది నేనొప్పుకోను. కనబడకపోయినా ఉండవచ్చు అన్నంత మాత్రాన, కనబడనివన్నీ ఉన్నట్లు కాదు. ఆ మాటకొస్తే మన తర్కశాస్త్రం ఈ విషయంలో సైన్సుకంటే ఏమీ తక్కువ పట్టింపుగా లేదు. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు మన తెలుగువాడే. కొండమీద పొగ చూసి నిప్పుందని తెలుసుకోవడం అనుమానం అనే ప్రమాణం. తెలుగులో అనుమానమంటే సందేహం, శాస్త్రంలో అనుమానమంటే నిశ్చయం. ఎంత తేడా చూడండి! అయితే అన్నంభట్టు ఊరికే పొగ చూసి నిప్పు అనమనడు. పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుందని ముందు తెలిసి ఉండాలి. పొద్దుటి మంచుని పొగ అనుకుంటే అది నీ ఖర్మ.

మీమాంసకులు ఇంకొక అడుగు వేశారు. కుమారిలభట్టు సంప్రదాయంలో అనుపలబ్ధి అని ఆరో ప్రమాణం ఉంది. కనబడకపోవడం వల్ల లేదని తెలుసుకోవడం. కాని దానికొక షరతు ఉంది. ఉంటే కనబడి తీరవలసిన వస్తువు అయి ఉండాలి. దీపం వెలుగుతున్న గదిలో నేలమీద కుండ కనబడలేదా, కుండ లేదు. చీకటిగదిలో కుండ కనబడలేదా, నోరు మూసుకో. అంతే. నాకు ఈ ఒక్క షరతు మీద ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను. "లేదు" అనడానికి ముందు దీపం సంగతి చూసుకోమంటుంది.

దీనికి మన హైదరాబాదే ఒక ఉదాహరణ ఇచ్చింది. నిజాం కాలంలో నిజామియా వేధశాల ఉండేది. ఆకాశాన్నంతా ఫోటో తీసి నక్షత్రాల పట్టిక వేయాలని దేశదేశాల వేధశాలలు పంచుకున్న పనిలో, దక్షిణాకాశంలో 17వ డిగ్రీ నుంచి 23వ డిగ్రీ దాకా ఉన్న పట్టీ హైదరాబాదు వంతుకు వచ్చింది. 1914 నుంచి ఏళ్ళ తరబడి కూర్చుని లక్షల నక్షత్రాల స్థానాలు కొలిచారు. ఎంత ఓపిక! పచ్చళ్ళ కారం దంచినట్లు రోజూ అదే పని. ఇప్పుడు చూడండి, 2016లో క్రేటర్-2 అనే మరుగుజ్జు గెలాక్సీ బయటపడింది. అది సరిగ్గా ఆ పట్టీలోనే ఉంది, హస్తా నక్షత్రానికి కాస్త పడమరగా. చిన్నదీ కాదు. ఆకాశంలో రెండు పున్నమి చంద్రులను పక్కపక్కన పెట్టినంత వెడల్పు. హైదరాబాదు వాళ్ళు ఆ చోటును ఫోటో తీశారు, అక్కడున్న చుక్కల్ని లెక్కపెట్టారు. గెలాక్సీ కనబడలేదు. వాళ్ళను తప్పుపడితే కళ్ళు పోతాయి. దాని నక్షత్రాలు ఆ ఫోటో పలకలకు అందనంత మసకవి. వాళ్ళు తమ పట్టికలో ఉన్నవాటిని రాశారు గాని "ఇంతకు మించి ఇక్కడేమీ లేదు" అని రాయలేదు. అదే మర్యాద.

ఇక దీపం బాగా వెలుగుతున్నప్పుడు "లేదు" అనే మాటకు ఎంత బలమో కూడా ఈ మరుగుజ్జులే చూపించాయి. కృష్ణపదార్థపు కణాలు ఒకదానికొకటి ఢీకొంటే గామా కిరణాలు పుట్టవచ్చునని ఒక ఊహ. 2008లో పైకి పంపిన ఫెర్మీ టెలిస్కోపు వాటికోసం మరుగుజ్జు గెలాక్సీల వైపు ఏళ్ళ తరబడి చూసింది. వీటివైపే ఎందుకంటే, పెద్ద గెలాక్సీ పెళ్ళివారిల్లు, లోపల వంద చప్పుళ్ళు. మరుగుజ్జు గెలాక్సీ పిల్లలు బడికి వెళ్ళాక పదకొండు గంటల వేళ ఇల్లులాంటిది. కుళాయి కారినా వినబడుతుంది. ఇప్పటిదాకా తిరుగులేకుండా ఏదీ వినబడలేదు. ఉంటే వినబడి తీరవలసినచోట వినబడలేదు కనుక, ఫలానా రకం కణాలు కావు అని కొన్నిటిని కొట్టివేశారు. కృష్ణపదార్థం ఏమిటో ఇంకా చెప్పలేరు. ఏమి కాదో కొంత చెప్పగలరు.

ఇంతదూరం వచ్చాక, ఆడవాళ్ళు కూడా కృష్ణపదార్థంలాంటి వాళ్ళే, కనబడకుండా సంసారాలను పట్టి ఉంచుతారు అని నేను అంటానని మీరు ఎదురుచూస్తూ ఉంటారు. అనను. వినడానికి బాగుంటుంది, చప్పట్లు పడతాయి, కాని అది నిజం కాదు. కృష్ణపదార్థం స్వభావం చేతనే కనబడదు, ఎంత దీపం పెట్టినా కనబడదు. గుమ్మంలో శనగపిండి చేత్తో నిలబడ్డ మనిషి పట్టపగలు కనబడుతోంది. ఆమెను అదృశ్యశక్తి అని పొగడటం, చూడనివాడికి మనమే ఒక చక్కని సాకు ఇచ్చినట్లు. మన జనాభా లెక్కల్లో ఇంటిపని మాత్రమే చేసుకునే స్త్రీని పనిచేయనివాళ్ళ గడిలో వేస్తూ వచ్చారు. అది ఆకాశరహస్యమేమీ కాదు. హైదరాబాదు పలకల్లాగా అందక పోవడం కూడా కాదు. ఫారంలో గడి అలా గీశారు, అంతే. గడి మార్చి గడియారం పెట్టి అడిగితే చప్పున కనబడింది. 2024లో దేశమంతటా చేసిన సమయ వినియోగ సర్వేలో, ఇంటిపని చేసే స్త్రీలు దానిమీద రోజుకు సగటున 289 నిమిషాలు, చేసే పురుషులు 88 నిమిషాలు గడుపుతున్నారని తేలింది. ఇన్నాళ్ళూ ఆ 289 నిమిషాలు ఎక్కడికి పోయాయి? ఎక్కడికీ పోలేదు, వంటింట్లోనే ఉన్నాయి. మా వైపు ఊళ్ళల్లో ఆడవాళ్ళు పొయ్యి పని అయ్యాక చాటలో తునికాకు పెట్టుకుని బీడీలు చుడతారు. మొగుడు దుబాయిలో ఉంటాడు. ఆ ఇంటికి వెళ్ళి కూడా "ఎవరూ లేరా?" అనేవాళ్ళున్నారు.

దుబాయి మాట వచ్చింది కాబట్టి చెబుతాను. కనబడని మనిషి బరువు తెలియాలంటే ఆ ఇళ్ళే చూడాలి. ఏళ్ళ తరబడి గుమ్మంలో కాలు పెట్టని ఒక మనిషిని బట్టి ఇల్లంతా నడుస్తుంది. ఫోను వచ్చే వేళకు పొయ్యి ఆగుతుంది, పిల్లవాడి బడి ఆయన అడిగి మారుస్తారు. కొత్తవాడెవడైనా ఒక్కరోజు కూర్చుని చూస్తే, ఇక్కడ ఇంకొకరున్నారు అని చెప్పగలడు. ఎలాంటివాడో మాత్రం చెప్పలేడు.

ఆ చివరి మాట నన్ను వదలడం లేదు. ఉన్నారని చెప్పవచ్చు. ఎలాంటివారో చెప్పడానికి అంత తొందరపడకూడదు. 1983లో మార్క్ ఆరన్‌సన్ అనే ఆయన డ్రాకో అనే మరుగుజ్జు గెలాక్సీలో మూడంటే మూడు నక్షత్రాల వేగాలు కొలిచి, ఇక్కడ కనబడని బరువుందని మొట్టమొదట చెప్పాడు. తన వ్యాసం పేరులో ఆయన దానికి పెట్టుకున్న మాట "తొలి సూచన". సూచన! మూడు నక్షత్రాలకు అంతే గిట్టుబాటు.

మా అత్తగారింట్లో ఒక ఆచారముంది. ఆడవాళ్ళు ఊరు దాటేటప్పుడు కొంగుచివర ఒక రూపాయి బిళ్ళ ముడివేసుకుంటారు. ఎంత పర్సు ఉన్నా, ఎన్ని నోట్లున్నా ఆ ముడి ఉండాల్సిందే. ఇప్పుడు నా కూతురు చున్నీకి కూడా వేస్తాను, అది విసుక్కుంటుంది. ఎందుకు అని అడిగితే మా అత్తగారికి తెలియదు, ఆవిడ అత్తగారు చెప్పారట. ఆ అత్తగారికి ఎవరు చెప్పారు? ఎవరో ఒకావిడ ఉండాలి. అంతవరకు నేనూ ఒప్పుకుంటాను. మా వదినగారు అక్కడితో ఆగలేదు. ఆవిడ చెప్పే కథలో, వెనకటికి ఒక ముత్తవ్వ గోదావరి దాటి అవతలి ఒడ్డున పుట్టింటికి పోవడానికి వచ్చి, పడవవాడికివ్వడానికి రూపాయి లేక సాయంత్రందాకా రేవులో ఏడుస్తూ కూర్చుంది. ఏడాదికేడాది కథ పెరుగుతోంది. ఈమధ్య పడవవాడికి మీసాలు కూడా వచ్చాయి. చిన్నత్తగారేమో అదంతా కాదు, దిష్టి తగలకుండా కట్టేవారు అంటారు. రూపాయి ఒక్కటే. లాగే బరువు ఒక్కటే. కథలు రెండు.

ఆకాశంలో కూడా అచ్చం ఇదే తగాదా వచ్చింది. సెగ్వే-1 నక్షత్రాల పరుగుకు కృష్ణపదార్థమే కారణమని ఇన్నాళ్ళూ అనుకున్నారు కదా, 2025లో ఒక బృందం మళ్ళీ లెక్కలు కట్టి, నడుమ లక్షల సూర్యుల బరువున్న కృష్ణబిలం ఒకటి ఉందేమో అంటోంది. పట్టు నిజం, పట్టుకున్నది ఏమిటో మళ్ళీ చూడాలి. ఈ సంగతి చెబుతూ మావాడు ఉత్సాహంతో ఊగిపోయాడు. "మరి ఇన్నేళ్ళ మాట పోయినట్లేనా?" అన్నాను. "పోతే పోనీ చిన్నమ్మా, అక్కడున్నది పోదు గదా" అన్నాడు. పైన మఖ, కింద పితృకార్యం కలిసిరావడం మీద కూడా వాడి అభిప్రాయం అడిగాను. అది మనం ఇక్కడ నిలబడి చూడటం వల్ల కలిసింది, చూడముచ్చటగా ఉంది, దానితో ఏదీ రుజువు కాదు అన్నాడు. చిన్నత్తగారు విననట్లు ఊరుకున్నారు.

మర్నాడు పొద్దున్నే పిండప్రదానం. మావారు తడిబట్టలతో కూర్చున్నారు. తండ్రి వైపు మూడు తరాల పేర్లు గడగడా వచ్చేశాయి. తరువాత స్త్రీల వరుస. తల్లి పేరు చెప్పారు, గొంతు కాస్త బొంగురుపోయింది. నాయనమ్మ పేరు చెప్పారు. ముత్తవ్వ దగ్గర ఆగిపోయారు. వెనక్కి తిరిగి మమ్మల్ని చూశారు. మేము చిన్నత్తగారిని చూశాం. ఆవిడ ఆలోచించారు, నది వైపు చూశారు, తల అడ్డంగా ఊపారు. ఆమెను కొండగట్టు వైపునుంచి తెచ్చుకున్నారని తెలుసు, తొమ్మిది మంది పిల్లల్ని కన్నదని తెలుసు, నలుగురు బతికారని తెలుసు. పేరు తెలియదు. ఇంట్లో అందరూ "అవ్వ" అనేవారట.

"లక్ష్మి అని చెప్పెయ్యరాదూ, ఏ ఇంట్లోనైనా ఒక లక్ష్మి ఉంటది" అన్నాడు మా మరిది. వెనక ఇంకా నలుగురు కర్తలు వరుసలో ఉన్నారు, ఎండ ఎక్కుతోంది, అతని మాటలో న్యాయం లేకపోలేదు.

చిన్నత్తగారు ఒప్పుకోలేదు. "వద్దు బిడ్డా. ఎరుకలేదంటే ఎరుకలేదని చెప్పు. ఏదో ఒక పేరు పెడితే అది ఇంకెవరికో ముడుతది" అన్నారు.

పురోహితుడు వయసులో చిన్నవాడే గాని నిదానస్తుడు. పరవాలేదమ్మా అని, గోత్రం చెప్పించి, పేరు రావలసినచోట క్షణం ఆగి, వరుస మాత్రం చెప్పించాడు. మూడో పిండం మిగతా రెంటి పక్కన, వాటంతే పరిమాణంలో పెట్టించాడు. ఆ తరువాత పేరూ గోత్రమూ ఎవరికీ తెలియని వాళ్ళకోసం ఇంకొకటి కలిపించి, నువ్వులు అందుకోమన్నాడు.